"పీఏ పోయింది" అనే ముందు: సెల్ టవర్ పవర్ యాంప్లిఫయర్లపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో వానాకాలం మొదలైతే చాలు, సైట్ల నుంచి ఒకటే ఫోన్లు: "అన్నా, పీఏ పోయింది, కొత్త డబ్బా పంపియ్యి." పీఏ అంటే పవర్ యాంప్లిఫయర్. రేడియోలో తయారైన మిల్లీవాట్ల సిగ్నల్‌ను పదుల వాట్లకు పెంచి యాంటెన్నాకు అందించేది ఇదే. ఒకప్పుడు కింద షెల్టర్‌లో ఉండేది. ఇప్పుడు చాలా సైట్లలో టవర్ మీద, యాంటెన్నా వెనక బిగించే ఆర్‌ఆర్‌యూ (రిమోట్ రేడియో యూనిట్) డబ్బాలోనే ఉంటోంది. పోయిందని దించుకొచ్చిన డబ్బాను బెంచ్ మీద డమ్మీ లోడ్‌కు (యాంటెన్నా బదులు పెట్టే, పవర్‌ను వేడిగా మింగేసే పరికరం) కలిపి చూడండి. చాలాసార్లు పూర్తి పవర్ ఇస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, లైన్‌లో ఉన్న తప్పుకు పీఏను బలి చేస్తున్నాం. కాబట్టి ఈ పనిలో తరచూ వినపడే మాటలు కొన్ని తేల్చుకుందాం.

అపోహ: వీఎస్‌డబ్ల్యూఆర్ అలారం వచ్చిందంటే పీఏ కాలిపోయినట్టే.

వీఎస్‌డబ్ల్యూఆర్ అంటే వోల్టేజ్ స్టాండింగ్ వేవ్ రేషియో. ఆ అలారం చెప్పేది ఒక్కటే: పంపిన పవర్‌లో కొంత వెనక్కి వస్తోందని. రీడింగ్ 1.5 ఉంటే 4 శాతం, 2 ఉంటే 11 శాతం, 3 ఉంటే 25 శాతం వెనక్కి వస్తున్నట్టు లెక్క. ఆ తిరిగొచ్చే పవర్ పీఏ మీద పడకుండా దారి మళ్లించడానికి సాధారణంగా సర్క్యులేటర్ ఉంటుంది. మరీ ఎక్కువైతే రేడియో తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది, లేదా ఆపేస్తుంది. అంటే అలారం కొట్టి ఆగిపోయిన పీఏ తనను తాను కాపాడుకుంటోందన్నమాట. తప్పు దాని అవతల, జంపర్‌లోనో (చివర్లో కలిపే పొట్టి కేబుల్) కనెక్టర్‌లోనో ఫీడర్‌లోనో (టవర్ పొడవునా వెళ్లే లావు కేబుల్) యాంటెన్నాలోనో ఉంటుంది.

వాన పడ్డప్పుడు వచ్చి, ఎండ కాయగానే పోయే అలారం అయితే అనుమానమే అక్కర్లేదు, నీళ్లే. ఆ జంపర్ విప్పితే మధ్య పిన్ను చుట్టూ పచ్చగా చిలుము పట్టి, తెల్ల ఇన్సులేటర్ మీద తడి మెరుస్తూ కనిపిస్తుంది. టేపు ఉంటుంది, కాదనను. కానీ పైనుంచి కిందికి చుట్టి ఉంటుంది. అప్పుడు ప్రతి మడతా నీళ్లను లోపలికే పంపుతుంది. ఆఖరి పొర కింది నుంచి పైకి రావాలి, లోపల బ్యూటైల్ టేపు పడాలి, జంపర్ కనెక్టర్‌లోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. ఇంత చిన్న పని సరిగ్గా చేయక లక్షల విలువైన డబ్బాలు ఊరంతా తిరుగుతున్నాయి.

అపోహ: వీఎస్‌డబ్ల్యూఆర్ 1.2 వచ్చిందంటే లైన్ భేష్.

ఇది పై దానికంటే ప్రమాదం, ఎందుకంటే నిశ్చింతగా ఇంటికి పంపిస్తుంది. కేబుల్‌లో లాస్ ఎంత ఎక్కువైతే రీడింగ్ అంత అందంగా కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు 3 డీబీ (డెసిబెల్; 3 డీబీ పోతే పవర్ సగమైనట్టు) పోతే, తిరిగొచ్చేటప్పుడు ఇంకో 3 డీబీ పోతుంది. అందుకే ఫీడర్ చివర యాంటెన్నా అసలు లేకపోయినా కింద మీటర్ మాత్రం 3 దగ్గరే చూపిస్తుంది. నీళ్లు తాగిన ఫీడర్ చివర మామూలు యాంటెన్నా ఉంటే ఇక 1.2 రావడంలో వింతేముంది? డమ్మీ లోడ్ పెడితే అంతకంటే బాగా వస్తుంది, కానీ ఒక్క కాల్ కూడా పోదు. వీఎస్‌డబ్ల్యూఆర్‌తో పాటు కేబుల్ లాస్ కూడా కొలవాలి, తప్పు ఎన్ని మీటర్ల దగ్గరుందో చూపే టెస్టూ చేయాలి.

ఆర్‌ఆర్‌యూ పైకి ఎందుకు ఎక్కిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. 2 గిగాహెర్ట్జ్ దగ్గర 7/8 అంగుళాల ఫీడర్ 100 మీటర్లకు సుమారు 6 డీబీ తింటుంది. 40 మీటర్ల టవర్‌లో జంపర్లు, కనెక్టర్లు కలుపుకుంటే దాదాపు 3 డీబీ. అంటే పీఏ ఇచ్చిన పవర్‌లో సగం యాంటెన్నా చేరకముందే ఆవిరి.

అపోహ: పీఏ పవర్ పెంచితే సిగ్నల్ సమస్య తీరుతుంది.

కాలనీ సంఘాల నుంచి వచ్చే వినతి ఇదే: "కొంచెం పవర్ పెంచండి సార్." పెంచామే అనుకుందాం. 40 వాట్లు 80 చేస్తే పెరిగేది 3 డీబీ. సిటీలో దూరంతో సిగ్నల్ పడిపోయే తీరుకు ఆ 3 డీబీతో కవరేజ్ పెరిగేది మహా అయితే 20 శాతం దూరం. అదీ టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే దారిలోనే. మన 4జీ ఫోన్ పంపేది ఎక్కువలో ఎక్కువ 0.2 వాట్లు. దానికి మనం ఇక్కడ పీఏ పెంచిన సంగతే తెలియదు. టవర్ మాట ఫోన్‌కు వినిపిస్తుంది, ఫోన్ మాట టవర్‌కు చేరదు. "ఫుల్ గీతలున్నాయి, కాల్ పోతలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇలా పుట్టినవే. పైగా ఆ పెంచిన పవర్ పక్క సెక్టార్ల (ఒక్కో యాంటెన్నా చూసుకునే దిక్కుల) మీద పడి వాటి డేటా స్పీడ్ చెడగొడుతుంది.

ఊరు ఎలా కట్టారో కూడా చూడాలి కదా. మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో వేడి ఆపడానికి వాడే కోటింగ్ గ్లాస్ ఒక్కటే 20 డీబీకి పైగా ఆపేయగలదు. 20 డీబీ అంటే నూరో వంతు. దాని ముందు మన 3 డీబీ ఏ మూలకు? అక్కడ కావాల్సింది బిల్డింగ్ లోపల చిన్న యాంటెన్నాలు. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో గుట్ట చాటున పడ్డ ఇంటికి కావాల్సింది ఇంకో సైట్. టవర్ ఉన్న బిల్డింగ్ వాళ్లకే సిగ్నల్ సరిగ్గా లేదంటే నవ్వకండి. పెద్ద యాంటెన్నా నిలువు బీమ్ వెడల్పు తరచూ 7 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది, అది వాళ్ల తల మీదుగా దూరం వెళ్లిపోతుంది.

అపోహ: ఆర్‌ఆర్‌యూ ఎండకూ వానకూ తట్టుకునేలా చేసిందే, మెయింటెనెన్స్ ఏముంటుంది?

40 వాట్లు బయటికి పంపే పీఏ సామర్థ్యం 40 శాతం అనుకుంటే లోపలికి 100 వాట్లు తీసుకుంటుంది, 60 వాట్లు వేడిగా మారుతుంది. నాలుగు పోర్టుల డబ్బాలో ఒక్క పీఏల వేడే 240 వాట్లు. చాలా డబ్బాల్లో ఫ్యాన్ ఉండదు. డబ్బా మీద వేడి వదిలే లోహపు రెక్కల మధ్య నుంచి గాలి కింది నుంచి పైకి పారాల్సిందే. రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఎండలో, పడమటి ముఖంగా, రెండు డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఇరికించి బిగిస్తే, కింది దాని వేడి గాలే పై దానికి దిక్కు. రెక్కల మధ్య దుమ్ము, పావురాల గూడు, టవర్‌కు వేస్తూ దీనికీ పూసిన పెయింట్, ఇవన్నీ నేను కళ్లారా చూసినవే. మే నెల మధ్యాహ్నాల్లో మాత్రమే పవర్ తగ్గే సెక్టార్ ఉంటే ముందు రెక్కలు చూడండి.

కరెంటు కేబుల్ సంగతి కూడా ఇక్కడే. సన్నని డీసీ కేబుల్‌తో 48 వోల్టులు పైకి వెళ్లేసరికి పడిపోతాయి. డబ్బాకు కావాల్సిన వాట్లు తగ్గవు కాబట్టి కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది, వోల్టేజ్ ఇంకా పడుతుంది. కరెంటు పోయి సైట్ బ్యాటరీ మీదికి రాగానే ఆర్‌ఆర్‌యూ రీస్టార్ట్ అవుతోందంటే సగం కేసులు ఇవే.

అపోహ: మీటర్‌లో పవర్ ఫుల్ ఉంది, కాబట్టి పీఏ బాగుంది.

పవర్ ఉన్నంత మాత్రాన సిగ్నల్ శుభ్రంగా ఉన్నట్టు కాదు. 4జీ సిగ్నల్ సగటు కంటే శిఖరాలు 8 డీబీ దాకా ఎక్కువ ఉండొచ్చు. అంటే 40 వాట్ల సగటుకు 250 వాట్ల శిఖరాలు. వాటి దగ్గర పీఏ వంకర పోకుండా ముందే ఎదురు వంకర పెట్టి పంపే పద్ధతి ప్రీడిస్టార్షన్. అది దారి తప్పితే స్పెక్ట్రమ్‌లో క్యారియర్ రెండు వైపులా భుజాలు లేస్తాయి. 256 క్యామ్‌కు (ఎక్కువ డేటా మోసే మాడ్యులేషన్) ఈవీఎం (సిగ్నల్ ఉండాల్సిన చోటి నుంచి ఎంత తప్పిందో చెప్పే కొలత) 3.5 శాతం దాటకూడదు. అది దాటిందంటే కాల్స్ బాగానే నడుస్తాయి, డేటా మాత్రం నత్త నడక. ఇంకో మాట, స్పెక్ట్రమ్ అనలైజర్‌ను నేరుగా తగిలించకండి. చాలావాటి ఇన్‌పుట్ 1 వాట్ దాటితే తట్టుకోదు. మధ్యలో పవర్ తగ్గించే, సరిపడా వాట్ల 30 డీబీ అటెన్యుయేటర్ ఉండాల్సిందే.

అపోహ: కోఠిలో ట్రాన్సిస్టర్ కొని వేస్తే సరిపోతుంది.

గుజరాతీ గల్లీలో దొరకనిది లేదు, ఒప్పుకుంటా. కానీ పీఏ ట్రాన్సిస్టర్లలో పాత ఎల్‌డీమోస్ రకం సాధారణంగా 28 వోల్టుల మీద నడిచేది, కొత్త గాలియం నైట్రైడ్ రకం 48 వోల్టుల మీద నడిచేది. రెండోది గేటుకు నెగటివ్ వోల్టేజ్ లేకపోతే పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. వోల్టేజ్ ముందు గేటుకు, తర్వాత డ్రెయిన్‌కు ఇవ్వాలి. ఆపేటప్పుడు తిరగేసి. వరస తప్పితే రెప్పపాటులో పోతుంది. కింద సోల్డర్‌లో ఖాళీ మిగిలినా అక్కడే వేడెక్కి చస్తుంది. పాత ట్రాన్సిస్టర్ల తెల్ల సిరామిక్‌ను పగలగొట్టడం, అరగదీయడం మాత్రం వద్దు. అందులో బెరీలియం ఆక్సైడ్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం.

అపోహ: టవర్ దగ్గరుంటే ప్రాణాలకే ముప్పు. లేదా: అసలేం కాదు.

రెండూ తప్పే. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే అమల్లోకి తెచ్చింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది చదరపు మీటరుకు 0.45 వాట్లు. పక్కింటి డాబా లెక్క వేరు, టవర్ ఎక్కి యాంటెన్నా ముఖం ముందు నిలబడి పనిచేసే రిగ్గర్ లెక్క వేరు. శబ్దం ఉండదు, మెరుపు ఉండదు కాబట్టి ఆఫ్‌లో ఉందనుకుంటారు. పవర్ ఉండగా జంపర్ విప్పితే పిన్ను వేలును కాలుస్తుంది, తిరిగొచ్చే పవర్ రేడియో మీదికి పోతుంది. ఎక్కే ముందు ఎన్‌ఓసీతో (నెట్‌వర్క్‌ను దూరం నుంచి నడిపే కంట్రోల్ సెంటర్) సెక్టార్ లాక్ చేయించాలి, అంటే ఆ సెక్టార్ పవర్ ఆపించాలి. లాక్ అయిందని వాళ్లు నోటితో చెప్పేదాకా జంపర్ మీద చెయ్యి వేయొద్దు. కనెక్టర్లన్నీ టార్క్ రెంచ్‌తో బిగించి, మనిషి యాంటెన్నా ముందు నుంచి తప్పుకున్నాకే అన్‌లాక్ అడగాలి.