షిఫ్టులు నేర్పిన తిండి, ఫ్యాక్టరీలు వదిలిన గదులు: పిట్స్‌బర్గ్ నేపథ్యం

అమెరికాలోని పిట్స్‌బర్గ్ వెళ్ళేవారు ఎక్కడ దిగాలి, ఏం తినాలి అని అడిగితే వచ్చే జవాబుల్లో చాలావరకు ఒకప్పటి పనిచోట్ల చిరునామాలే. రైల్వే స్టేషన్‌లో చేపల భోజనం చేయమంటారు, ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నడిచిన భవనంలో పడుకోమంటారు. కొత్తగా వచ్చినవారికి ఇది అలంకరణలా కనిపిస్తుంది. నిజానికి ఈ ఊళ్ళో తిండినీ నిద్రనూ మొదటినుంచీ నిర్ణయించింది పనే.

ఆండ్రూ కార్నెగీ 1875లో పక్కనే ఉన్న బ్రాడక్‌లో ఎడ్గర్ థామ్సన్ ఉక్కు మిల్లును ప్రారంభించాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో తూర్పు ఐరోపా నుంచి స్లొవాకులు, పోలెండువారు, రుసిన్లు వేల సంఖ్యలో వచ్చి కొలిముల దగ్గర చేరారు. వారిలో ఒంటరి మగవాళ్ళే ఎక్కువ. వాళ్ళు బస చేసినవి మన భాషలో చెప్పాలంటే పూటకూళ్ళ ఇళ్ళు. మిల్లుల్లో 12 గంటల పని 1923 దాకా సాగింది. పగటి షిఫ్టువాడు లేచిన మంచం మీదే రాత్రి షిఫ్టువాడు వాలేవాడు. పక్క చల్లారే వ్యవధి ఉండేది కాదు. ఆ ఇంటి ఇల్లాలే అందరికీ వండి, బట్టలు ఉతికేది. సరకుల ఖర్చును నెలాఖరున తలా ఇంత అని పంచుకునేవారు. 1907లో మొదలైన ‘పిట్స్‌బర్గ్ సర్వే’ ఈ ఇళ్ళ స్థితిగతులను గదిగదికీ వెళ్ళి నమోదు చేసింది.

అదే ఊళ్ళో 1916లో విలియం పెన్ హోటల్ తెరుచుకుంది. కట్టించినవాడు కార్నెగీ ఉక్కు వ్యాపారంలో భాగస్వామి హెన్రీ క్లే ఫ్రిక్. 1892లో పక్కనున్న హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లు కార్మికుల మీదికి పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా ఏజెన్సీ మనుషులను పడవల్లో రప్పించింది ఈయనే. హోటల్ నేటికీ ఖరీదైన బస. అద్దె ఎంతైనా కట్టవచ్చు గానీ, ఆ డబ్బు మొదట ఎక్కడిదో తెలుసుకుని పడుకోవడం మంచిది.

ఊరి తిండి మాత్రం ఫ్రిక్ హోటల్లో పుట్టలేదు. ఇక్కడివారు ప్రాణం పెట్టే పిరోగీ చూడటానికి చిన్న కజ్జికాయే. లోపల కొబ్బరికి బదులు బంగాళాదుంప, చీజ్. ఉడికించి, వెన్నలో ఉల్లిపాయలతో వేయిస్తారు. వలస కుటుంబాల వంటిళ్ళలోంచి అది చర్చి నేలమాళిగలకు చేరింది. ఆడవాళ్ళు కూర్చుని వందల కొద్దీ చుట్టి, అమ్మిన డబ్బును చర్చి ఖర్చులకు ఇచ్చేవారు. రెస్టారెంట్లకు ఎక్కింది ఆ తర్వాతే. ప్రిమాంటీ బ్రదర్స్ శాండ్‌విచ్ కథ కూడా ఇలాంటిదే. 1933లో స్ట్రిప్ డిస్ట్రిక్ట్‌లో, కూరగాయల లారీలు రాత్రంతా దిగే బజారులో మొదలైంది. వేయించిన బంగాళాదుంప ముక్కలూ క్యాబేజీ పచ్చడీ రొట్టె మధ్యలోనే కూరేస్తారు, డ్రైవరు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని తినడానికని చెబుతారు. పళ్ళెంలో పెట్టుకుని ఫోర్కుతో తినేవారిని చూస్తే నాకు జాలి.

గుడి వంటను నమ్ముకున్న వలసవాళ్ళలో మనమూ ఉన్నాం. 1970లలో నగర శివారు పెన్ హిల్స్‌లో కొండ మీద వెలసిన శ్రీ వేంకటేశ్వరాలయం అమెరికాలోని తొలి హిందూ దేవాలయాల్లో ఒకటి. దర్శనం కాగానే కింద పులిహోర కోసం నిలబడే వరుసకూ, ఆ చర్చి పిరోగీల వరుసకూ తేడా నాకు పెద్దగా కనబడదు.

1980లలో ఉక్కు కూలింది. 1983 జనవరిలో ఈ ప్రాంతపు నిరుద్యోగం 17 శాతం దాటింది, 1986లో హోమ్‌స్టెడ్ మిల్లు మూతపడింది. 1950లో దాదాపు 6.77 లక్షలున్న నగర జనాభా 2020 నాటికి 3.03 లక్షలు. జనం వెళ్ళిపోయారు, భవనాలు మిగిలాయి. వాటిని ఏం చేయాలన్న ప్రశ్నకు ఒక జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. పాత కట్టడాల పరిరక్షణ సంస్థ ఒకటి 1976లో నది ఒడ్డున రైల్వే స్థలాన్ని చేపట్టి స్టేషన్ స్క్వేర్‌గా మార్చింది. 1901 నాటి టెర్మినల్‌లోని వెయిటింగ్ హాలు 1978లో గ్రాండ్ కాన్‌కోర్స్ రెస్టారెంటయింది. ఆ బాటలో చాలా నడిచాయి. 1993లో మూసేసిన ఒక చర్చిలో మూడేళ్ళకు బీరు తయారీ మొదలైంది, పీపాలు నిలబెట్టింది బలిపీఠం ఉన్న చోటే. ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ బిరడాల ఫ్యాక్టరీ అపార్ట్‌మెంట్లయింది. నబిస్కో బిస్కెట్ల ఫ్యాక్టరీలోకి 2010లో గూగుల్ వచ్చింది.

హోమ్‌స్టెడ్‌కు మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. మిల్లును నేలమట్టం చేసి 1999లో వాటర్‌ఫ్రంట్ అనే షాపింగ్ ప్రాంగణం కట్టారు. 12 పొగగొట్టాలు మాత్రం వరుసగా నిలబడి ఉన్నాయి, పక్కనే సినిమా హాలు, ఏ ఊళ్ళోనైనా దొరికే రెస్టారెంట్లు.

గూగుల్ రాకతో చుట్టుపక్కల అద్దెలు పెరిగాయి. బిస్కెట్ల ఫ్యాక్టరీకి దగ్గర్లోని ఈస్ట్ లిబర్టీలో పెన్ ప్లాజా అనే అపార్ట్‌మెంట్ల సముదాయం ఉండేది. అద్దెలు తక్కువ, ఉన్నవారిలో ఎక్కువమంది నల్లజాతివారు. 2015లో ఖాళీ చేయమని నోటీసులు అంటించారు, తర్వాత భవనాలను కూల్చారు. ఇళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చినవారూ వారి వెంట నిలిచినవారూ వీధుల్లో అడిగిందీ ఎక్కడ ఉండాలనే.