ఇంటి బీరు గడప దాటిన కథ

2010 వేసవిలో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో ఏళ్లుగా సాగుతున్న ఇంటి బీర్ల పోటీ ఒకటి ఉన్నట్టుండి ఆగిపోయింది. అక్కడి స్టేట్ ఫెయిర్‌లో భాగంగా జరిగే పోటీ అది. ఇంట్లో కాచుకున్న బీరు ఇంట్లోనే తాగాలని, గడప దాటించడానికి వీల్లేదని రాష్ట్ర చట్టానికి అధికారులు అర్థం చెప్పడంతో నిర్వాహకులు చేతులెత్తేశారు. ఆ లెక్కన స్నేహితుడి ఇంటికి రెండు సీసాలు సంచిలో వేసుకుని వెళ్లడం కూడా తప్పే. బీరుకు చేదునూ సువాసననూ ఇచ్చే హాప్స్ తోటలకు పేరుపడ్డ రాష్ట్రంలో ఇలా జరగడం ఇంటి బీరు కాచేవాళ్లను గట్టిగా కదిలించింది. వాళ్లు పట్టుబట్టాక 2011లో శాసనసభ చట్టాన్ని సవరించింది. విస్కాన్సిన్‌లోనూ ఇలాంటి చిక్కే వచ్చి 2012లో సవరణతో తీరింది.

బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాచుకోవడానికి అనుమతి ఉంది కదా, ఇంట్లో కూర్చుని తాగితే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. ఎవరి బీరు వాసన వాళ్ల ముక్కుకు అలవాటైపోతుంది. వారాల తరబడి ఆ డబ్బా పక్కనే తిరిగిన మనిషికి అందులోని లోపం అందదు, పక్కవాడు ఒక్క గుక్కలో పట్టేస్తాడు. అందుకే ఇంటి బీరు కాచేవాళ్లు ఎక్కడ కలిసినా ఒకరి గ్లాసు ఒకరు అందుకుంటారు, మొహమాటం పక్కనపెట్టి మాట్లాడుకుంటారు. ఈ పనిలో సగం పొయ్యి దగ్గర జరిగితే మిగతా సగం ఆ మాటల్లోనే జరుగుతుందని నేను నమ్ముతాను. ఆ మాటలకు చోటు లేకుండా పోయిన కాలంలో ఇంటి బీరు ఎంత దిగజారిందో చరిత్ర చూస్తే తెలుస్తుంది.

బీరు మొదటినుంచీ నలుగురి మధ్య తాగే పానీయమే. మెసొపొటేమియా ముద్రల మీద ఒకే జాడీలోకి పొడవాటి గొట్టాలు పెట్టి ఎదురెదురుగా కూర్చుని తాగుతున్న మనుషులు కనిపిస్తారు. క్రీ.పూ. 1800 ప్రాంతపు మట్టి పలకల మీద బీరు దేవత నిన్కాసిని కీర్తించే సుమేరియన్ స్తోత్రం ఉంది. బీరు ఎలా చేస్తారో అందులోనే వరసగా వస్తుంది.

ఆ పాత అలవాటు తెగిపోకుండా మన కాలం దాకా వచ్చిన చోట్లలో పశ్చిమ నార్వే పల్లెలు ముఖ్యమైనవి. అక్కడి రైతుల ఇళ్లలో ఈస్ట్‌ను చెక్క వలయాల మీదో గుడ్డ మీదో ఆరబెట్టి తరతరాలుగా దాచుకునేవారు. దాన్ని క్వైక్ అంటారు. ఏల్ అంటే కాస్త వెచ్చగా పులియబెట్టే బీరు; మామూలు ఏల్ ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీల వేడి నప్పుతుంది, ఇదేమో 35 డిగ్రీలు దాటినా చెడు వాసన రానివ్వకుండా పులియబెడుతుంది. ఒక ఇంట్లో ఈస్ట్ పాడైతే పొరుగింటి నుంచి తెచ్చుకునేవారు. పులిసిన బీరును పీపాల్లోకి ఎక్కించే రోజున ఇరుగుపొరుగు వచ్చి రుచి చూసి వెళ్లడం ఆచారం. దాని పేరు ఓప్‌స్కోకె. ఇప్పటి బీరు క్లబ్బులు చేసే పని ఆ పల్లెలు ఏనాడో చేశాయి.

మధ్యయుగపు ఇంగ్లండ్‌లో బీరు కాచడం ఎక్కువగా ఆడవాళ్ల పని. అప్పటి ఏల్‌లో హాప్స్ వేసేవారు కాదు కాబట్టి కాచిన కొద్దిరోజులకే అది చెడిపోయేది. ఇంటికి కావలసినంత ఉంచుకుని మిగిలింది వెంటనే అమ్మాలి, లేదా పంచాలి. కొత్త ఏల్ సిద్ధమైందని తెలియడానికి ఇంటి ముందు ఒక కర్ర నిలబెట్టేవారు. 13వ శతాబ్దంలో వచ్చిన శాసనం దాని ధరనూ నాణ్యతనూ కట్టడి చేసింది, రుచి చూసి మంచిచెడ్డలు తేల్చడానికి అధికారులను కూడా పెట్టారు. షేక్స్‌పియర్ తండ్రి జాన్ 1556లో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఈ ఉద్యోగమే చేశాడు.

హాప్స్ వాడకం పెరిగాక బీరు నెలల తరబడి నిలవ ఉండసాగింది. నిలవ ఉండే సరుకును పెద్ద ఎత్తున కాచి దూరాలకు పంపొచ్చు. 18వ శతాబ్దంలో థర్మామీటరు, ద్రవంలో చక్కెర ఎంతుందో తేల్చే హైడ్రోమీటరు కార్ఖానాల్లోకి వచ్చాయి. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపించాడు. ఆ కంపెనీ దాన్ని తన గుప్పిట్లో పెట్టుకోకుండా ఇతర కార్ఖానాలకూ ఇచ్చింది. అంతా మేలే జరిగింది గానీ, ఇంట్లో కాచే అలవాటు మాత్రం మెల్లగా వెనక్కి తగ్గింది.

దానికి తోడు పన్ను వచ్చిపడింది. బ్రిటన్‌లో 1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్ట్ (బీరుకు ముడిసరుకైన, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) మీద ఉన్న పన్ను తీసేసి బీరు మీద వేశాడు. దాంతో ఇంటి మట్టుకు కాచుకునేవాళ్లు కూడా లైసెన్సు తీసుకోవాల్సి వచ్చింది. 80 ఏళ్లకు పైగా ఆ నియమం నడిచింది. 1963 ఏప్రిల్ బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశాడు. అప్పటికే, 1953లో చక్కెర రేషన్ పోయాక, ఇంటి వైన్ చేసుకునేవాళ్లు ఊళ్లలో బృందాలుగా కలవడం మొదలైంది. బీరువాళ్లు వెళ్లి వాటిలో చేరారు. 1970ల నాటికి మాల్ట్ పాకం డబ్బాలు మందుల షాపుల్లో కూడా దొరికేవి.

అమెరికా దారి ఇంతకన్నా కఠినం. 1920 జనవరిలో మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. ఇంట్లో పండ్లరసం పులియబెట్టుకోవడానికి ఆ చట్టంలో సందు ఉంది, బీరుకు లేదు. పాబ్స్ట్, ష్లిట్జ్, ఆన్‌హైజర్‌ బుష్ లాంటి కంపెనీలు బతకడానికి మాల్ట్ పాకం అమ్మాయి. పైకి అది రొట్టెల కోసం, కొన్నవాళ్లు దానితో ఏం చేస్తున్నారో అందరికీ తెలుసు. డబ్బా పాకంలో బోలెడు చక్కెర కలిపి, రొట్టెల ఈస్ట్ చల్లి, పులియడం పూర్తికాకముందే సీసాల్లో నింపేసేవారు. లోపల గ్యాస్ పెరిగి నేలమాళిగల్లో సీసాలు పేలేవి. రుచి సంగతి చెప్పక్కర్లేదు. దొంగచాటుగా కాచి దొంగచాటుగా తాగినప్పుడు తప్పు చెప్పేవాడు ఉండడు, తప్పు తెలియనప్పుడు మరోసారి కూడా అదే తప్పు జరుగుతుంది. ఇంటి బీరు అంటే నాసిరకం అనే పేరు ఆ 13 ఏళ్లలో పడింది. అది పోవడానికి రెండు తరాలు పట్టింది.

1933లో నిషేధం పోయాక ఇంటి వైన్‌కు చట్టం దారి ఇచ్చింది, ఇంటి బీరును మళ్లీ బయటే వదిలేసింది. మరో 45 ఏళ్లు అలాగే గడిచాయి. జనం కాయడం మానలేదు. 1974లో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో మాల్టోస్ ఫాల్కన్స్ అనే క్లబ్బు పుట్టింది. ఆ దేశంలో ఇప్పటికీ నడుస్తున్న ఇంటి బీరు క్లబ్బుల్లో అదే పాతది. చట్టం ఒప్పుకోని రోజుల్లో వాళ్లు బాహాటంగా సమావేశమయ్యారు, సీసాలు మార్చుకున్నారు. కొలరాడోలోని బౌల్డర్‌లో, అణు ఇంజనీరింగ్ చదివి బడిపంతులుగా పనిచేస్తున్న చార్లీ పపేజియన్ సాయంత్రాలు బీరు తయారీ పాఠాలు చెప్పేవాడు.

1978లో కాలిఫోర్నియా సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ పట్టుదలతో పన్నుల బిల్లులో ఇంటి బీరుకు చోటు దొరికింది. అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దాని మీద సంతకం చేశాడు. 1979 ఫిబ్రవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే దాదాపు 379 లీటర్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదు. పోటీలకు, రుచి చూసే సమావేశాలకు తీసుకెళ్లడానికి కేంద్ర నిబంధనలు అనుమతించాయి. 1978లోనే పపేజియన్, మరో స్నేహితుడు కలిసి అమెరికన్ హోమ్‌బ్రూవర్స్ అసోసియేషన్ పెట్టారు, జైమర్జీ పత్రిక తొలి సంచిక తెచ్చారు.

అమ్మకూడదన్న ఆ షరతును చాలామంది అడ్డంకిగా చూస్తారు. నాకు మాత్రం అందులోనే మేలు కనిపిస్తుంది. ధర లేని సరుకు కాబట్టి పొగిడితే లాభం లేదు, విమర్శిస్తే నష్టం లేదు. ఇంత నిజాయితీగా మాట్లాడుకునే తాగుడు బల్ల మరెక్కడా చూడం.

ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో చూడండి. పోటీకి వచ్చే సీసా మీద లేబుల్ ఉండదు, మూత మీద అక్షరాలేమైనా ఉంటే నల్ల మార్కర్‌తో కొట్టేసి ఉంటుంది. సీసా ముదురు గోధుమరంగులో ఉండాలి, ఎందుకంటే వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి ఘాటైన దుర్గంధం పుడుతుంది. పోసిన వెంటనే ముందు వాసన చూస్తారు, అది తొందరగా ఎగిరిపోతుంది కాబట్టి. తర్వాత వెలుతురుకు ఎత్తి రంగు, తేట, నురగ చూస్తారు. గుక్క తీసుకుని కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత ఒకరు ఉడికిన మొక్కజొన్న వాసన అంటారు. మరిగించేటప్పుడు గిన్నె మీద మూత పెట్టావా అని పక్కాయన అడుగుతాడు. మాల్ట్ నుంచి పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ ఆవిరితో బయటికి పోవాలి, మూత పెడితే తిరిగి లోపలికే కారుతుంది. వెన్న వాసన వస్తే పులిసేటప్పుడు పుట్టే డయాసెటైల్ అనే పదార్థం మిగిలిపోయిందని అర్థం. చివర్లో ఈస్ట్‌కు కాస్త వెచ్చదనం, మరో రెండు మూడు రోజులు ఇచ్చి ఉంటే ఆ ఈస్టే దాన్ని తినేసేది. పచ్చి ఆపిల్ వాసనైతే తొందరపడ్డారని అర్థం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలింది. మాల్ట్‌ను నానబెట్టిన నీటి వేడి ఎంత, 65 డిగ్రీలా 68 డిగ్రీలా అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆ మూడు డిగ్రీల తేడాతో బీరు పలచగా తేలికగా ఉంటుందా, నోట్లో నిండుగా తగులుతుందా అన్నది మారుతుంది. హైడ్రోమీటరు లెక్క 1.050 నుంచి 1.010కి దిగిందంటే ఆల్కహాలు 5 శాతం పైచిలుకని నోటి లెక్కతో చెప్పేస్తారు.

ఒక్కో వాసన తప్పో ఒప్పో బీరు రకాన్ని బట్టి ఉంటుంది. అరటిపండు వాసన జర్మన్ గోధుమ బీరులో ఉండి తీరాలి, అదే చల్లగా పులియబెట్టే తేట లాగర్ బీరులో వస్తే ఈస్ట్ ఎక్కువ వేడిలో పనిచేసిందని పట్టేస్తారు. ఏ రకం ఎలా ఉండాలన్న ఉమ్మడి అవగాహన లేకపోతే వాదన తెగదు. బ్రిటిష్ బీరు రచయిత మైకేల్ జాక్సన్ (పాటల జాక్సన్ వేరు) 1977లో ప్రపంచ బీర్లను రకాలుగా విడదీసి వివరించడంతో దానికి పునాది పడింది. 1985లో బీరు న్యాయనిర్ణేతలకు పరీక్ష పెట్టి ధ్రువీకరించే కార్యక్రమం మొదలైంది. దాని పత్రంలో మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. ఓడిపోయిన బీరు యజమానికి కూడా ఆ పత్రం వెళ్తుంది. ఏం లోపించింది, ఏం మార్చాలి అన్నది న్యాయనిర్ణేత చేతిరాతతో ఉంటుంది. పతకం కన్నా ఆ కాగితమే విలువైనదని నేనంటాను.

ఈ మాటల ఫలం అంగళ్ల దాకా వచ్చింది. 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో జాక్ మెకాలిఫ్ పాత పాల డెయిరీ తొట్లతో న్యూ ఆల్బియన్ అనే చిన్న కార్ఖానా పెట్టాడు. అది కొన్నేళ్లకే మూతపడినా దాన్ని చూసి చాలామందికి ధైర్యం వచ్చింది. అదే ఏడాది చికోలో ఇంటి బీరు సామాన్ల దుకాణం తెరిచిన కెన్ గ్రాస్‌మన్, 1980 నుంచి సియెర్రా నెవాడా పేరుతో బీరు కాచాడు. 1972లో విడుదలైన కాస్కేడ్ అనే కొత్త హాప్స్ రకాన్ని ధారాళంగా వాడి, నారింజ తొక్క లాంటి సువాసన తెచ్చాడు. 1970ల చివర్లో అమెరికాలో బీరు కంపెనీలు వందలోపే. ఇప్పుడు 9,000కు పైగా ఉన్నాయి. వాటిని పెట్టినవాళ్లలో ఎందరో ముందు ఇంటి పొయ్యి మీద నేర్చుకున్నవాళ్లే. 2012లో అధ్యక్షుడి నివాసం వైట్‌హౌస్ కూడా తన వంటశాలలో తేనెతో కాచిన బీరు తయారీ విధానాన్ని ప్రజలకు విడుదల చేసింది.

అయినా ఓరెగన్ లాంటి చిక్కులు ఎందుకొచ్చాయంటే, 1933లో నిషేధాన్ని ఎత్తేసిన రాజ్యాంగ సవరణే మద్యం మీద అధికారాన్ని రాష్ట్రాలకు అప్పగించింది. కేంద్రం 1978లో తలుపు తీసినా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తీయాల్సి వచ్చింది. చివరి రెండూ అలబామా, మిసిసిపీ. ఆ రెండింటిలోనూ చట్టం వచ్చింది 2013లో. అలబామా అప్పటికీ మూడు నెలలకు 15 గ్యాలన్లకు మించి కాయొద్దని గీత గీసింది.

జపాన్‌లో ఇంకా ఆ తలుపు తెరుచుకోలేదు. అక్కడ 1899 నుంచి ఇంట్లో మద్యం తయారీ నిషేధం. ఆల్కహాలు 1 శాతానికి చేరిందంటే లైసెన్సు ఉండాల్సిందే. బీరు కిట్లు అంగట్లో దొరుకుతాయి, ఆ హద్దు లోపలే ఉండేలా చేసుకోవాలన్న సూచనతో. 1980లలో మయెదా తోషిహికో అనే ఉద్యమకారుడు బియ్యంతో చేసే దొబురొకును ఇంట్లో కాచి, రుచి చూడటానికి రమ్మని పన్నుల శాఖ అధిపతికే ఆహ్వానం పంపాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పన్ను రాబడిని కాపాడుకోవడం కోసం ప్రభుత్వం ఇలాంటి నిషేధం పెట్టవచ్చని 1989లో కోర్టు తీర్పిచ్చింది. ఆయనకు పడిన జరిమానా ఖాయమైంది, నిషేధం ఈనాటికీ అమల్లోనే ఉంది.