'మ్యూజిక్' సినిమాలో ఆ రెండు దృశ్యాలు

ఆటిజం ఉన్న పాత్రను ఆటిజం లేని నటులు వేయొచ్చా అన్న వాదన మళ్లీ మళ్లీ రాజుకుంటుంది. డస్టిన్ హాఫ్‌మన్ ఆటిస్టిక్ పాత్ర వేసిన 1988 నాటి 'రెయిన్ మ్యాన్' దగ్గర మొదలుపెట్టక్కర్లేదు. 2021 ఫిబ్రవరి చూస్తే చాలు.

ఆస్ట్రేలియా గాయని సియా తీసిన 'మ్యూజిక్'లో మాటలు అంతగా రాని ఆటిస్టిక్ అమ్మాయిగా మ్యాడీ జీగ్లర్ నటించింది. ఆమెకు ఆటిజం లేదు. 2020 నవంబరులో ట్రైలర్ రాగానే జనం నిలదీశారు. మాటలు రాని ఒక ఆటిస్టిక్ అమ్మాయితో ముందు ప్రయత్నించామని, ఆమెకు అది ఒత్తిడిగా అనిపించిందని సియా జవాబిచ్చారు. సెట్‌లో లైట్లు తగ్గించకుండా, రేపటి పని ముందే బొమ్మలతో చూపించకుండా, కాసేపు కూర్చోవడానికి నిశ్శబ్దమైన గది ఇవ్వకుండా పిలిస్తే ఒత్తిడి కాక ఇంకేమవుతుంది?

అసలు మంట సినిమా బయటికొచ్చాక లేచింది. మెల్ట్‌డౌన్‌లో, అంటే ఒత్తిడి భరించలేక అదుపు తప్పిన స్థితిలో ఉన్న అమ్మాయిని రెండుసార్లు బోర్లా పడేసి, పెద్దవాళ్లు మీద పడుకుని కదలకుండా పట్టుకుంటారు. సినిమా దాన్ని ప్రేమగా చూపిస్తుంది. బోర్లా ఉన్న మనిషి వీపు మీద బరువు పడితే పక్కటెముకలు విచ్చుకోవు. పొట్ట నేలకు అదిమి ఉంటుంది కాబట్టి ఊపిరి పీల్చడానికి ఊపిరితిత్తుల కింద పనిచేసే కండరం, డయాఫ్రం, కిందికి దిగదు. ఊపిరి కోసం గింజుకుంటుంటే 'మొండికేస్తోంది' అనుకుని ఇంకా గట్టిగా నొక్కుతారు. అమెరికా బడుల్లో ఇలా పిల్లలు చనిపోయారు. చేయాల్సింది వేరు: లైటు, చప్పుడు తగ్గించాలి, గుచ్చుకునేవి పక్కకు తీయాలి, మూగిన జనాన్ని పంపేయాలి, ప్రశ్నలు ఆపాలి, ఆగాలి.

ఆ దృశ్యాలు తీసేయమని కమ్యూనికేషన్‌ఫస్ట్, ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వకసీ నెట్‌వర్క్ అనే అమెరికా వికలాంగుల హక్కుల సంఘాలు కోరాయి. అప్పటికి సినిమా పూర్తయిపోయింది. ఫిబ్రవరి 3న దానికి రెండు గోల్డెన్ గ్లోబ్ నామినేషన్లు వచ్చాయి. ఆ వెంటే సియా క్షమాపణ చెప్పి, సినిమాకు హెచ్చరిక జోడిస్తామన్నారు. తనకూ ఆటిజం ఉందని 2023లో ఆమే చెప్పారు. అలాగని ఆ దృశ్యాల ప్రమాదం తగ్గదు.

మన దగ్గర, వికలాంగులను ఎగతాళి చేసిందంటూ 'ఆంఖ్ మిచోలీ' అనే హిందీ సినిమాపై వేసిన కేసులో 2024 జూలై 8న సుప్రీంకోర్టు సినిమా తీసేవాళ్లకు చెప్పింది: వైద్య సమాచారం సరిచూసుకోండి, వికలాంగుల సంఘాలను సంప్రదించండి అని. మరుసటి ఏడాది హిందీ సినిమా 'సితారే జమీన్ పర్'లో 10 మంది న్యూరోడైవర్జెంట్ నటులు (ఆటిజం వంటివి ఉండి మెదడు వేరేలా పనిచేసేవాళ్లు) కనిపించగానే చర్చంతా వాళ్ల చుట్టూనే తిరిగింది. వికలాంగుల సంఘాల నుంచి స్క్రిప్టు ఎవరు చదివారు, షూటింగ్‌కు ఎన్ని నెలల ముందు చదివారు అని అడిగినవాళ్లు తక్కువ.