గాబా పెరిగితే మెదడు శాంతిస్తుందా?

1950ల తొలి ఏళ్లలో అమెరికాలో ఒక రకం డబ్బాపాల మీద పెరుగుతున్న పసికందులకు ఫిట్స్ రావడం మొదలైంది. పాలను వేడిచేసి నిల్వకు సిద్ధం చేసే దశలో అందులోని బి6 విటమిన్ దెబ్బతిన్నదని తర్వాత తేలింది. పైరిడాక్సిన్, అంటే బి6 విటమిన్, ఇస్తే పిల్లలు తేరుకున్నారు. నాడీకణాల మధ్య సంకేతాలు మోసే గాబా అనే రసాయనం మెదడులో ఉందని శాస్త్రవేత్త యూజీన్ రాబర్ట్స్ ప్రకటించింది కూడా ఆ రోజుల్లోనే, 1950లో. ఈ రెండింటినీ కలిపేది ఒక ఎంజైమ్.

నాడీకణాలను ఉత్తేజపరిచే గ్లుటమేట్ నుంచే, వాటిని అదుపుచేసే గాబా తయారవుతుంది. గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ గ్లుటమేట్ నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్‌ను ఊడదీస్తుంది, అంతే. ఆ పనికి బి6 క్రియాశీల రూపం దాని పక్కన ఉండి తీరాలి. క్షయ మందు ఐసోనియాజిడ్‌ను మోతాదు మించి మింగినవారిలోనూ దెబ్బ పడేది ఇక్కడే: బి6 పనిచేయక, గాబా తయారీ తగ్గి ఫిట్స్ వస్తాయి. వాళ్ల ఫిట్స్, వాటిని ఆపడానికి వాడే డయజిపామ్ ఒక్కదానికే చాలాసార్లు లొంగవు. మింగిన మందు ఎన్ని గ్రాములో అన్ని గ్రాముల పైరిడాక్సిన్‌ను సిర ద్వారా ఇస్తారు. ఎంత మింగారో తెలియకపోతే పెద్దవాళ్లకు 5 గ్రాములు.

డయజిపామ్ ఎందుకు చాలదో గాబా-ఎ గ్రాహకం, అంటే నాడీకణం మీద గాబా వచ్చి అతుక్కునే ప్రోటీన్, నిర్మాణం చూస్తే తెలుస్తుంది. ఐదు ఉపభాగాలు గుండ్రంగా కూడితే మధ్యలో క్లోరైడ్ అయాన్లు పోయే దారి ఏర్పడుతుంది. మెదడులో ఎక్కువగా కనిపించే కూర్పులో రెండు ఆల్ఫా, రెండు బీటా, ఒక గామా ఉంటాయి. డయజిపామ్ వంటి బెంజోడయజిపైన్లు ఆల్ఫా, గామాల మధ్య సందులో అతుక్కుని, గాబా వచ్చినప్పుడు ఆ దారి మరింత తరచుగా తెరుచుకునేలా చేస్తాయి. గాబాయే లేకపోతే వాటికి చేయడానికి పని లేదు. పాతకాలపు మత్తుమందులైన బార్బిట్యురేట్ల తీరు వేరు: దారి తెరిచి ఉండే సమయాన్ని పెంచుతాయి, మోతాదు ఎక్కువైతే గాబా లేకుండానే తెరిచేస్తాయి. అందుకే వాటి మోతాదు మించితే శ్వాస ఆగిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. బెంజోడయజిపైన్లు ఒంటరిగా అంత ప్రమాదం తేవు గాని, మద్యమో నల్లమందు జాతి మందులో తోడైతే ఆ భరోసా ఉండదు.

ఫిట్స్ 5 నిమిషాలు దాటితే ఎందుకు కంగారు పడాలో కూడా ఈ గ్రాహకాలే చెబుతాయి. ఫిట్స్ సాగే కొద్దీ నాడీకణాలు తమ ఉపరితలం మీది గాబా-ఎ గ్రాహకాలను లోపలికి లాక్కుంటాయి. మొదట్లో పనిచేసిన మోతాదు అరగంట తర్వాత పనిచేయకపోవచ్చు. బెంజోడయజిపైన్లలోనే ఒకటైన లోరజిపామ్ అయితే శరీర బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున, ఒకసారికి 4 మిల్లీగ్రాములు దాటకుండా సిర ద్వారా ఇస్తారు. సిర దొరక్కపోతే 40 కిలోలు దాటినవారికి అదే కోవకు చెందిన మిడజోలామ్ 10 మిల్లీగ్రాములు కండరానికి చాలు. శ్వాస మందగిస్తుందన్న భయంతో కొంచెం కొంచెంగా ఇవ్వడం ఆసుపత్రుల్లో తరచూ జరిగే పొరపాటు. నిజానికి ఆగని ఫిట్స్ వల్లే శ్వాసకు ముప్పు ఎక్కువ.

గాబాను మెదడుకు బ్రేకు అంటుంటారు. ఆ మాట సగమే నిజం. గాబా తెరిచేది దారిని మాత్రమే. క్లోరైడ్ ఎటు పోతుందన్నది కణం లోపలా బయటా దాని గాఢతను బట్టి, కణం వోల్టేజీని బట్టి ఉంటుంది. ఎదిగిన నాడీకణంలో కేసీసీ2 అనే రవాణా ప్రోటీన్ క్లోరైడ్‌ను బయటికి తోసేస్తూ ఉంటుంది. కాబట్టి దారి తెరవగానే అది లోపలికి వస్తుంది, కణం నెమ్మదిస్తుంది. ఎదగని కణంలో కేసీసీ2 తక్కువ, క్లోరైడ్‌ను లోపలికి తెచ్చే ఎన్‌కేసీసీ1 ఎక్కువ. దారి తెరిస్తే క్లోరైడ్ బయటికి పోతుంది, కణం ఉత్తేజం వైపు జరుగుతుంది. అప్పుడే పుట్టిన ఎలుకల మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో బెన్-ఆరి బృందం దీన్ని 1989లో చూపించింది. అయితే తెరిచిన దారి గుండా విద్యుత్తు జారిపోవడం వల్ల ఆ కణాల్లోనూ గాబా కొంత నిరోధం చూపగలదు. పసిమెదడులో గాబా పూర్తిగా ఉత్తేజకమే అనడం తొందరపాటు.

నవజాత శిశువుల ఫిట్స్‌కు బార్బిట్యురేట్ అయిన ఫీనోబార్బిటాల్ చాలాసార్లు సరిగా పనిచేయకపోవడానికి ఇదొక కారణమని భావించి, ఎన్‌కేసీసీ1ను ఆపే బుమెటనైడ్‌ను జోడించి చూశారు. మూత్రం ఎక్కువగా పోవడానికి వాడే పాత మందే అది. లెక్క పక్కాగా ఉంది, ఫలితం రాలేదు. ఐరోపాలో జరిగిన ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఫిట్స్ ఆశించినంత తగ్గలేదు సరికదా, కొందరు శిశువుల వినికిడి దెబ్బతింది. ఆ మందు రక్తం నుంచి మెదడులోకి చేరేది అతి తక్కువ. లోపలి చెవికి మాత్రం అదే ఎన్‌కేసీసీ1 అవసరం.

పసితనంలో మొదలయ్యే తీవ్రమైన మూర్ఛవ్యాధి డ్రావే సిండ్రోమ్ మరో రకం తిరకాసు. అందులో చాలామందికి ఎస్‌సీఎన్1ఎ జన్యువులో లోపం ఉంటుంది. దానివల్ల సోడియం మార్గాలు దెబ్బతినేది ముఖ్యంగా గాబాను విడుదల చేసే కణాల్లో. ఫిట్స్‌కు మామూలుగా రాసే కార్బమజిపైన్ కూడా సోడియం మార్గాలనే ఆపుతుంది కాబట్టి, అసలే నీరసించిన నిరోధక కణాలు ఇంకా కుంగిపోతాయి, ఫిట్స్ పెరుగుతాయి. గాబాను విరిచే ఎంజైమ్‌ను ఆపే విగాబాట్రిన్, పసిపిల్లల స్పాజమ్స్ అనే ఒక రకం ఫిట్స్‌కు మంచి మందే. కాని చూపు అంచుల నుంచి శాశ్వతంగా కుంచించుకుపోయే ప్రమాదం ఉన్నందున కంటి పరీక్షలు తప్పవు.

నిద్రకోసం అమ్మే గాబా మాత్రల సంగతికొస్తే, మింగిన గాబా రక్తం, మెదడుల మధ్య గోడను దాటడం చాలా కష్టం. గాబాపెంటిన్‌కు పేరులోనే గాబా ఉన్నా అది గాబా గ్రాహకాలకు అతుక్కోదు. పనిచేసేది కాల్షియం మార్గాల ఆల్ఫా2-డెల్టా ఉపభాగం మీద.

ఫలానా జబ్బులో మెదడు గాబా తగ్గిందనే వార్తలు ఎక్కువగా ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ నుంచి, అంటే ఎంఆర్ఐ స్కానర్‌తో మెదడులోని రసాయనాలను కొలిచే పద్ధతి నుంచి వస్తాయి. 3 టెస్లా స్కానర్‌లో, సుమారు 3 సెంటీమీటర్ల భుజం ఉన్న ఘనం నుంచి, పది నిమిషాల పాటు సంకేతం సేకరిస్తారు. ఆ సంకేతంలో ఒక్కో రసాయనం పీపీఎం కొలమానం మీద తన చోట శిఖరంలా కనిపిస్తుంది. గాబా శిఖరం 3.0 పీపీఎం దగ్గర, క్రియాటిన్ అనే మరో రసాయనం శిఖరం కింద దాగి ఉంటుంది. అందుకే 1.9 పీపీఎం దగ్గర పల్స్ వేసీ, వేయకుండానూ కొలిచి తేడా తీస్తారు. ఆ తేడాలోనూ దాదాపు సగం ఇతర పెద్ద అణువులదే. మిగిలినదీ ఆ ఘనంలోని మొత్తం గాబా: కణం లోపల నిల్వ ఉన్నదెంత, రెండు నాడీకణాల సంధి దగ్గర విడుదలైనదెంత అన్న లెక్క ఆ అంకెలో ఉండదు.