బిల్లు కోసం పుట్టిన రికార్డు

2025 నవంబర్‌లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలు రావడంతో పాత పేచీ మళ్లీ లేచింది. ఆస్పత్రి రికార్డులతో ముందు ఏం పరిశోధించాలి? ఆ మాట ఎవరు చెప్పాలి? ఆ నిబంధనలకు మూలమైన 2023 చట్టం పరిశోధనకు మినహాయింపు ఇచ్చింది కానీ, ఏ పరిశోధన ముందు అన్న ఊసు ఎత్తలేదు.

సుప్రీంకోర్టు గోప్యత తీర్పు, కోవిడ్ టీకాల కోవిన్ పోర్టల్, ఆరోగ్య ఖాతాకిచ్చే ఆభా నంబర్ల సంగతి అందరికీ తెలిసిందే. ఈ పేచీకి ముడి పడింది మాత్రం వాటికంటే ముందే, 2007 ఏప్రిల్‌లో అంటాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది అప్పుడే. తెల్లకార్డు మీద గుండె ఆపరేషన్ కావాలంటే ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర దగ్గర పేరు రాయించుకోవాలి, రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, అనుమతి రావాలి, ఆ తర్వాత క్లెయిమ్, అంటే ఆస్పత్రి పెట్టుకునే బిల్లు. పేదవాడి వైద్యం కంప్యూటర్లోకి వచ్చిందని మెచ్చుకున్నాం, న్యాయమే. కానీ ఎక్కింది ప్యాకేజీ, అంటే పథకం రేటు కట్టిన చికిత్స ఉన్న జబ్బే. ఓపీ చీటీ మీది బీపీ, షుగర్ రోగి సంచిలోనే మిగిలాయి.

దీని ఫలితం చూడాలంటే అదే శ్రీకాకుళంలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వెళ్లాలి. డయాలసిస్ చేస్తే క్లెయిమ్ ఉంటుంది, కాబట్టి లెక్క ఉంటుంది. అంతకు ముందు ఏళ్లలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎలా పెరుగుతూ వచ్చిందో ఆ క్లెయిమ్‌లో వెతికితే దొరకదు. కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయన్న ప్రశ్నకు కావలసింది సరిగ్గా ఆ ఏళ్లే.

2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమాదీ ప్యాకేజీ, క్లెయిమ్ దారే. 2021 సెప్టెంబర్‌లో దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరోగ్య రికార్డులన్నిటినీ కలుపుతానంటోంది. కలిస్తే ఏఐకి మేత దొరుకుతుందని, పరిశోధన అటే సాగాలని సాఫ్ట్‌వేర్ వాళ్ల వాదన.

రికార్డుల గదిలో పనిచేసే వాళ్లు అడిగేది ఇంకా చిన్న విషయం. డాక్టరు కేస్ షీట్‌లో రాసిన జబ్బు, సిస్టమ్‌లో కొట్టిన జబ్బు కోడ్ ఒకటేనా అని ముందు చూడమంటారు. డిశ్చార్జి రోజు హడావుడిలో, బిల్లు ఆగిపోతుందన్న టెన్షన్‌లో ఆ కోడ్ పడుతుంది మరి. ఇలాంటి పనికి నిధులు అడిగితే గుమాస్తా పని అంటారు, అది వేరే సంగతి.

విచిత్రంగా కొత్త నిబంధనలు ఈ రికార్డుల గది వాళ్ల పక్షానే ఉన్నాయి. పరిశోధనకు వాడే డేటా పూర్తిగా, కచ్చితంగా ఉండేలా తగిన ప్రయత్నం చేయాలని రెండో షెడ్యూల్‌లో ఉంది. అది అమల్లోకి రావడానికి ఏడాదిన్నర గడువు ఇచ్చారు. ఆ లోపు పాత కోడ్‌లను కేస్ షీట్లతో సరిచూసే పని ఎవరిదో ఇంకా తేలలేదు.