మధ్యలో ఆగిపోయే ధ్యానం

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. మందులతో పూర్తిగా నయం కాని ఇలాంటి బాధలు ఉన్నవారికి ధ్యానం నేర్పి చూద్దామని 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ఒక క్లినిక్ ప్రారంభించారు. అక్కడ రూపుదిద్దుకున్న ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని తీర్పులేమీ చెప్పకుండా గమనించడం) శిక్షణలో వారానికి రెండున్నర గంటల తరగతి, దానికి తోడు ఇంటి దగ్గర రోజూ ముప్పావుగంట సాధన ఉండేవి. నొప్పిని మాయం చేస్తామని ఈ పద్ధతి చెప్పదు. నొప్పి వెంటే వచ్చే భయాన్ని, 'ఇక నా బతుకింతే' అనే ఆలోచనను నొప్పి నుంచి విడదీసి గమనించడం నేర్పుతుంది.

ఇది ఎంతోకొంత పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయి. దీర్ఘకాలంగా నడుంనొప్పి ఉన్న 342 మందిపై అమెరికాలో జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, ఈ శిక్షణకు ఎంపికైనవారిలో సుమారు 60 శాతం మందికి ఆరు నెలలకల్లా రోజువారీ పనులు చేసుకోవడం చెప్పుకోదగ్గంత సులువైంది. మామూలు చికిత్సతోనే ఉన్నవారిలో అది 44 శాతమే. అయితే అదే పరిశోధనలో ఇంకొందరికి ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే ప్రవర్తనా చికిత్స తరగతులు పెట్టారు. మైండ్‌ఫుల్‌నెస్, ప్రవర్తనా చికిత్స తరగతులు రెండింటినీ కలిపి చూస్తే, ఎనిమిదింటిలో కనీసం ఆరింటికి వచ్చినవారు 54 శాతం లోపే. ఎదురుగా గురువు ఉన్న తరగతుల సంగతే ఇలా ఉంటే ఫోన్ యాప్‌ల సంగతి చెప్పనక్కర్లేదు. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన 93 యాప్‌లను పరిశీలించిన 2019 నాటి అధ్యయనంలో, నెల తర్వాత కూడా వాటిని తెరుస్తున్నవారి మధ్యగత శాతం (అన్ని యాప్‌లనూ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండే యాప్ శాతం) 3.3 మాత్రమే.

దీన్ని బద్ధకమనుకోవడం అన్యాయం. ఏళ్ల తరబడి నొప్పి నుంచి దృష్టి మళ్లించుకుంటూ బతికిన మనిషిని, పాదాల నుంచి తల దాకా ఒక్కో అవయవాన్నీ నిదానంగా గమనించమంటే, మొదట్లో నొప్పి పెరిగినట్టే అనిపించవచ్చు. ఇది మామూలేనని ఆ సమయంలో చెప్పేవారు లేకపోతే, ఇది తనకు పడదని అతను తేల్చేసుకుంటాడు. పైగా నొప్పి ఎక్కువైన రోజు కూర్చోలేరు, తగ్గిన రోజు కూర్చోవాలనిపించదు. పడుకునో, నడుస్తూనో, పది నిమిషాలైనా చేయవచ్చని ముందే చెప్పడం, సాధన చేయమని ఫోన్‌లో రోజూ మోగే అలారం కన్నా ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

2024లో ఫలితాలు వెలువడిన మరో పరిశోధన ఇక్కడ ఆసక్తికరం. దీర్ఘకాలిక నొప్పి ఉన్న అమెరికా మాజీ సైనికులు 811 మందిలో కొందరు వీడియో ద్వారా బృందంగా కలిసి మైండ్‌ఫుల్‌నెస్ నేర్చుకున్నారు. మరికొందరు తమకు వీలైనప్పుడు ఒంటరిగా పాఠాలు చూశారు, వారితో శిక్షణ సహాయకులు మూడుసార్లు మాత్రం విడిగా మాట్లాడారు. మామూలు చికిత్సతో పోలిస్తే, పనులకు నొప్పి కలిగించే ఆటంకం ఈ రెండు రకాలవారిలోనూ తగ్గింది. పది పాయింట్ల కొలమానంలో ఈ తేడా బృందంగా నేర్చుకున్నవారికి 0.4, ఒంటరిగా నేర్చుకున్నవారికి 0.7, గొప్ప మార్పేమీ కాదు, కానీ రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ప్రతివారం గుంపుగా కూర్చోబెట్టనవసరం లేకపోవచ్చు. ఆ మూడు సంభాషణలు ఎంత మేలు చేశాయో ఈ పరిశోధన విడిగా కొలవలేదు గాని, ఎవరో ఒకరు ఫోన్ చేసి 'ఎలా ఉంది?' అని అడుగుతారని తెలిసిన మనిషి సాధనను అంత తేలిగ్గా వదలడని నాకనిపిస్తుంది.

ఇంతకీ మానేయడమంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. యాప్ లెక్కపెట్టేది అది తెరిచి ఉన్న నిమిషాలనే. శ్వాసను గమనించడం వంటబట్టి, బస్సులో నడుం పట్టేసినప్పుడు ఫోన్ తీయకుండానే ఆ పని చేసుకునే మనిషి, ఆ లెక్కలో మానేసినవారి జాబితాలోకే చేరతాడు.