హోమ్ వారంటీ ఉంటే ఇన్‌స్పెక్షన్ అక్కర్లేదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల ఇళ్ళ ఇన్‌స్పెక్షన్, అంటే కొనేముందు ఇంటిని తనిఖీ చేయడం, నా పని. ఇళ్ళ కొనుగోళ్ళు ఊపందుకున్నాయంటే చాలు, మనవాళ్ళ నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, సెల్లర్ ఏడాది హోమ్ వారంటీ ఇస్తున్నాడు. ఇంక ఇన్‌స్పెక్షన్‌కి డబ్బులు దండగ కదా?" ఎవరు చెప్పారంటే వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారంటారు. దయచేసి ఆ మాట నమ్మకండి. నేను చూసినంతలో కొనేవాళ్ళ జేబుకి పెద్ద చిల్లు పెట్టేది ఈ అపోహే.

హోమ్ వారంటీ అంటే ఒక సర్వీస్ కాంట్రాక్టు. వాడగా వాడగా పాడైన ఏసీ, వాటర్ హీటర్, ప్లంబింగ్, డిష్‌వాషర్ లాంటివాటిని బాగుచేయిస్తుంది, అదీ కాంట్రాక్టులో రాసిన మేరకే. కొనేనాటికే ఉన్న లోపాల దగ్గర పేచీ మొదలవుతుంది. మామూలుగా చూస్తే కనబడని లోపమైతేనే కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని అదీ ఒప్పుకోవు. ఇక ఫౌండేషన్ జోలికి సాధారణంగా రావు. ఇక్కడి బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. పునాది శ్లాబ్ కదిలితే వేల డాలర్ల పని. అలాంటివి ఆప్షన్ పీరియడ్‌లోనే, అంటే కాంట్రాక్టు రాసుకున్నాక ఏ కారణంతోనైనా తప్పుకోగల ఆ కొద్ది రోజుల్లోనే, బయటపడాలి. అప్పుడైతే సెల్లర్‌తో బేరమాడొచ్చు, కాదంటే ఎర్నెస్ట్ మనీ (బయానా) వెనక్కి తీసుకుని తప్పుకోవచ్చు.

ప్లేనోలో ఒక జంట ఇలాగే వారంటీని నమ్ముకుని ఇన్‌స్పెక్షన్ మానేశారు. జులైలో ఏసీ ఆగిపోయింది. వారంటీ కంపెనీ పంపిన టెక్నీషియన్ కాయిల్‌కి పట్టిన తుప్పు చూసి, చాలాకాలంగా మెయింటెనెన్స్ లేదని రాసిపోయాడు. క్లెయిమ్ కొట్టేశారు. నెలల పిల్లతో హోటల్‌కి మారి, అప్పుడు నాకు ఫోన్ చేశారు. వెళ్ళి చూస్తే పాత తుప్పే, టార్చి వేస్తే కనబడేదే. "మేమే తెలివితక్కువ పని చేశామా అన్నా?" అని ఆ అమ్మాయి అడిగితే మనసు చివుక్కుమంది. మొదటి ఇల్లు, లోన్ టెన్షన్, ఎవరూ ఆగి చదవనివ్వని సంతకాలు. ఆ కంగారులో ఎవరైనా పొరపడతారు.

ఇంకో లాభం కూడా ఉంది. కొన్న రోజుకి ఏసీ సరిగ్గా పనిచేస్తోందని ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఉంటే, రేపు క్లెయిమ్ తిరస్కరించినప్పుడు మీ చేతిలో ఉండే గట్టి ఆధారం అదే. ఏసీ సర్వీసింగ్ రసీదులూ దాచుకోండి.

మిగతా అపోహలు క్లుప్తంగా.

"హోమ్ ఇన్సూరెన్స్ ఉందిగా!" వడగళ్ళకి రూఫ్ పాడైతే ఇన్సూరెన్స్ చూస్తుంది. పాతబడి మోటార్ కాలితే చూడదు.

"పాడైతే కొత్తది ఇచ్చేస్తారు." ముందు రిపేరుకే చూస్తారు. మార్చినా ఒక్కో వస్తువుకి ఇంత అని పరిమితి ఉంటుంది. మనిషి వచ్చిన ప్రతిసారీ సర్వీస్ ఫీజు, ఎక్కువగా 75 నుంచి 125 డాలర్లు, మీదే. పాత ఏసీలో చల్లదనానికి ఆర్-22 అనే పాతరకం గ్యాస్ ఉంటే మరీ జాగ్రత్త. 2020 నుంచి అమెరికాలో దాని తయారీ, దిగుమతి ఆపేశారు, ధర మండిపోతోంది. గ్యాస్ ఖర్చుకి చాలా కాంట్రాక్టుల్లో పరిమితి ఉంటుంది.

"కొత్త ఇంటికీ తీసుకోవాలి." తొందరేం లేదు. సాధారణంగా పనితనానికి ఏడాది, ప్లంబింగ్, ఏసీ లాంటివాటికి రెండేళ్ళు, స్ట్రక్చర్‌కి ఆరు నుంచి పదేళ్ళు బిల్డర్ వారంటీయే ఉంటుంది. పదకొండో నెలలో ఒకసారి ఇన్‌స్పెక్షన్ చేయించి, లోపాలన్నీ బిల్డర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.

మరి తీసుకోవాలా, వద్దా? ఇల్లు పాతదై, ఏసీకి పదేళ్ళు దాటి, డబ్బు సెల్లర్ ఇస్తుంటే నిస్సంకోచంగా తీసుకోండి. టెక్సాస్ కొనుగోలు కాంట్రాక్టులో సెల్లర్ ఎంత ఇస్తాడో రాసుకోవడానికి ఏడో పేరాలోనే చోటుంది. మీ జేబులోంచే కట్టాలంటే ముందు నమూనా కాంట్రాక్టు తెప్పించుకుని, ఏవి కవర్ కావో ఉన్న పేజీ చదవండి. ఏసీ పరిమితి మరీ తక్కువైతే ఆ డబ్బు రిపేర్లకి విడిగా పెట్టుకోవడమే నయం. తీసుకుంటే మాత్రం క్లోజింగ్‌తో పాటే, అంటే ఇల్లు మీ పేరు మీదకి మారే రోజే, తీసుకోండి. తర్వాత కొంటే కవరేజీ మొదలవడానికి చాలా కంపెనీలు 30 రోజులు ఆగమంటాయి.